రెండో స్పానర్

ఇంజిన్ మూత విప్పగానే ఇంధనపు గొట్టాల మధ్య ఇరుక్కున్న స్పానర్ కనిపించింది. ఆ విమానం అప్పుడే నిండా జనంతో దిగి వచ్చింది.

కమాండర్‌గారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఒకప్పుడు వాయుసేనలో స్క్వాడ్రన్‌ని నడిపిన మనిషి ఆయన. ఇప్పుడు ఈ విమాన సంస్థకి ఆపరేషన్స్ డైరెక్టర్. పదవి మారినా పిలుపు మారలేదు. స్పానర్ మీద, విమానాలు బాగుచేసే తమ హ్యాంగర్‌లో ఒక్కో పనిముట్టుకి విడిగా వేసే నంబరు చెక్కి ఉంది. ఆయన నేరుగా పనిముట్ల బోర్డు దగ్గరికి నడిచారు.

ఆ బోర్డు స్క్వాడ్రన్ నుంచి ఆయన తెచ్చిన పద్ధతి. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారం ఎర్రరంగుతో గీసి ఉంటుంది. ఏది తక్కువైనా ఆ ఎరుపు గుడ్లురిమి చూస్తుంది. అది దొరికేదాకా విమానం కదలదు.

బోర్డు నిండుగా ఉంది. అదే నంబరుతో, అదే స్పానర్, ఏమీ ఎరగనట్టు వేలాడుతోంది.

ఆయనకి ఒళ్లు మండింది. ఎవడో పోగొట్టాడు. కిక్కురుమనకుండా ఇంకోటి తెచ్చి, నంబరు చెక్కి తగిలించాడు. బోర్డే అబద్ధమాడితే ఇక ఏ విమానాన్ని నమ్మాలి?

మెకానిక్కులని వరుసలో నిలబెట్టారు.

"ఎవరు?"

"తెలీదు సార్."

"అయితే మీ తాతగారొచ్చి తగిలించారా?"

ఎవరికో నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేశాడు.

ఆయన హ్యాంగర్ ఇన్‌చార్జి వైపు తిరిగారు. స్వయానా బావమరిది. ఆఫీసులో చుట్టరికాలు కలపొద్దని మొదటిరోజే హెచ్చరించారు.

"విచారిస్తున్నా సార్," అన్నాడతను.

"నీతో చెప్పేకంటే గోడతో చెప్పడం నయం!"

ఇంతలో ఛైర్మన్ ఫోను. "రెండో విమానం ఎందుకాపారండీ? ప్రయాణికులు నా పీక మీద కూర్చున్నారు."

"దానికీ ఈ పనిముట్లతోనే సర్వీసింగ్ చేశారు సార్. నిజం తెలిసేదాకా..."

"స్పానర్ దొరికిందిగా? ఇది మీ సైన్యం కాదు కమాండర్‌గారూ, వ్యాపారం. గంటలో వదలండి. లేదంటే వదిలేవాణ్ణి తెచ్చి మీ కుర్చీలో కూర్చోబెడతా."

అన్నంత పనీ చేసే మనిషే. మబ్బుల్లో దారి తప్పని కమాండర్‌గారికి సొంత హ్యాంగర్‌లో దిక్కు తోచలేదు. తన తర్వాత వచ్చేవాడు సంతకం గీకి ఆ జనాన్ని పంపించేస్తాడు. విమానమంతా విప్పి వెతకాలంటే రోజు పడుతుంది. ఇక్కడ ఒక్క నోరు విప్పించడమే గగనంగా ఉంది.

వాయుసేనలో ఒక ఆనవాయితీ ఉండేది. బాగుచేసిన విమానాన్ని గాల్లో పరీక్షిస్తే, బాగుచేసినవాళ్లూ ఎక్కాల్సిందే.

"పదండి. రెండో విమానాన్ని ఖాళీగా ఓ చుట్టు తిప్పుతాను. మీరంతా నాతో వస్తున్నారు," అన్నారు.

ఇంజిన్ స్టార్ట్ చేసే ఉద్దేశం ఆయనకి లేదు. ఎవడి కాళ్లు వణుకుతాయో చూడాలి, అంతే. ముందు తనే ఎక్కి, విమానం తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహమూ పట్టి చూశారు. మెకానిక్కులు గొణుక్కుంటూనే మెట్లెక్కేశారు. ఒక్కడూ ఆగలేదు. ఈ ఎత్తూ పారలేదని ఆయన పళ్లు కొరుకుతూ కిందికి చూస్తే, బావమరిది మెట్ల కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, నీకు పల్లకీ పంపాలా?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దిగిపో బావా! ముందు దిగు, చెబుతా. స్పానర్ పోగొట్టింది నేనే. అదొక్కటే కాదు, టార్చిలైటు కూడా పోయింది. అది ఈ విమానంలోనే ఎక్కడో ఉంది. రెండింటికీ నకళ్లు తెచ్చి నంబర్లు చెక్కింది నేనే, వీళ్లకేం తెలీదు. ఆమధ్య స్క్రూడ్రైవర్ పోయిందని నిజం చెప్పినవాణ్ణి అందరి ముందూ గేటు బయటికి నెట్టించావు. తర్వాత అది బెంచీ కింద దొరికింది కూడా. అయినా వాణ్ణి వెనక్కి పిలిచావా? పరాయివాడికే ఆ గతి పడితే, నీ న్యాయం చూపించుకోడానికి ముందు నన్నే బలిచ్చేవాడివి. వెతుకుదామంటే విమానం ఆపాలి. ఆపితే నీకు తెలుస్తుంది. ఇందాక ప్రయాణికులు ఎక్కబోతున్నప్పుడు కూడా నోరు రాలేదు బావా. నువ్వెక్కావు కాబట్టి చెబుతున్నా. నువ్వు ఎక్కకపోతే చెప్పేవాణ్ణో లేదో, ఒట్టు, నాకే తెలీదు."