పీట వేసి పిలిచిన దొంగ

నెట్ తీగ పీకి పక్కన పెట్టాడు పెట్టెల బాబాయి. కంప్యూటర్ ముట్టుకునే ముందు దానికి బయటి లోకంతో మాటలు మాన్పించడం ఆయన పద్ధతి. లోపల నక్కినవాడు ఎవరితోనూ గుసగుసలాడకూడదు.

కొట్టు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గోడల వెంట మూతలు తీసిన పెట్టెలు, వాటిలోంచి వేలాడే రంగు తీగలు. తలుపు సందులోంచి వచ్చిన ఎండలో దుమ్ము ఎటూ పోకుండా తేలుతోంది. బాబాయి పొట్టి మనిషి. చిన్నచిన్న వస్తువుల మీద ఏళ్ళ తరబడి వంగి వీపు అలాగే ఉండిపోయింది. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. ఇవన్నీ ఎలా వచ్చాయని ఎవరైనా అడిగితే, "జనం ఏవి పాడుచేసుకుంటే అవి నేర్చుకున్నాను" అంటాడు.

బల్ల మీదున్నది మెషిన్ ఎంబ్రాయిడరీ చేసే తోడికోడళ్ళది. రెండుసార్లు శుభ్రం చేసి పంపాడు. రెండుసార్లూ తిరిగొచ్చింది. తెర మీద అడగని ప్రకటనలు, వాళ్ళ పేరుతో బట్టలిచ్చేవాళ్ళకి పిచ్చి సందేశాలు. పొద్దున పెట్టె దింపుతూ పెద్దకోడలు అంది:

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు బాబాయిగారూ. మా చిన్నదాని పిల్లలే, ఆటలని ఏవో ఎక్కిస్తారు. నిన్న అడిగేశాను. మాటామాటా పెరిగింది. సాయంత్రం వేరే ఇంటికి సామాను ఎత్తేస్తోంది. పోనీండి."

పోనీండి అన్న గొంతులో పోనిచ్చే ధోరణి లేదు. ఒకరు బట్ట బిగిస్తే ఒకరు దారం మార్చే జంట అది.

సేఫ్ మోడ్‌లో తెరిచాడు. అందులో అవసరమైనవి తప్ప మిగతావన్నీ నిద్రపోతుంటాయి. తెర వెలిసిన గుడ్డలా కనిపించింది.

మేడ మీదినుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. అందులో టీ.

"ఏవండోయ్! పెట్టెల రోగాలన్నీ కుదురుస్తారు. మీ ఛాతీనొప్పి మాత్రం రేపటికి వాయిదా."

"రేపు తప్పకుండా వెళ్దాంలేవే."

"మీ రేపటికి నాకన్నా ఎక్కువ వయసుంది" అంది భార్య, బుట్ట పైకి లాక్కుంటూ.

ఆయన నవ్వుకుని, ఎప్పుడు ఏ ప్రోగ్రాం ఎక్కిందో తేదీల వారీగా చూశాడు. ఆటల జాడే లేదు. శుభ్రం చేసి పంపిన ప్రతిసారీ, ఇంటికి చేరిన రోజే ఒకటి ఎక్కింది. డిజైన్లు చూపించే ఉచిత ప్రోగ్రాం. పెద్దకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, పెట్టె ఇంటికి రాగానే ముందు ఏం ఎక్కిస్తావు?"

"డిజైన్లు చూసేది బాబాయిగారూ. ఊరికే దొరికింది. మళ్ళీ వెతుక్కోకుండా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను."

"ఎక్కించేటప్పుడు ఏమైనా అడుగుతుందా?"

"యాంటీవైరస్ ఆపమంటుంది. సరే అంటాను."

"ఆ సరేతోనే వచ్చిందమ్మా. ట్రోజన్ అంటారు దీన్ని. తలుపు బద్దలుకొట్టదు. మనకి కావలసిన వస్తువులా గుమ్మంలో నిలబడుతుంది. మనమే పిలిచి పీట వేస్తాం."

అవతల కుట్టుమెషిన్ చప్పుడు ఆగింది.

"అయితే... నేనా?"

"మంచిదనుకునే పిలిచావు. ఆ పెన్‌డ్రైవ్ ఇక పెట్టకు. పాస్‌వర్డులన్నీ నీ ఫోన్‌లోంచి మార్చెయ్. సామాను బండి ఎక్కిందా?"

"ఇంకా లేదు" అంటూనే పెట్టేసింది.

ఆయన ప్రోగ్రాం తీసేశాడు. కంప్యూటర్ లేవగానే తనూ లేచేలా అది వేరే పేరుతో వదిలిన తోకనీ పట్టి తుడిచాడు. డిజైన్లు మాత్రం విడిగా దాచి, తన పెన్‌డ్రైవ్‌లోంచి స్కాన్ మొదలుపెట్టాడు. అది నడుస్తుండగా పెట్టెకి పక్క మూత బిగించసాగాడు. చెయ్యి బరువెక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

తెర మీద డిజైన్ల పేర్లు కదిలిపోతున్నాయి. ఆకు, తీగ, మొగ్గ, రెక్క విప్పిన పిట్ట. ఒక పొడవైన ఇంట్లో గది తర్వాత గది తెరుచుకుంటూ వెళ్తున్నట్టనిపించింది. ఒక గదిలో ఎవరిదో రేడియో సన్నగా పాడుతోంది. ఇంకో గదిలో భార్య, పెళ్ళినాటి వయసులో, కిటికీలో కూర్చుని, "ఏం వెతుకుతున్నారు?" అంది. ఏం లేదు, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నాను అన్నాడు. ఛాతీలో ఎవరో దారం బిగించి లాగారు. తర్వాత వదిలేశారు.

చీకటి పడబోతుండగా వీధిలోంచి రెండు గొంతులు వినిపించాయి.

"మూటలు విప్పుతానన్నానుగా అక్కా, ఇంకా ఆ మొహమేమిటి?"

"పిల్లలు నన్ను క్షమించారంటావా?"

"చాక్లెట్లన్నీ తిన్నారుగా. ఇక తప్పుతుందా!"

నవ్వుకుంటూ లోపలికి వచ్చారు.

"పడుకున్నారు పాపం" అంది చిన్నకోడలు గొంతు తగ్గించి.

పెద్దకోడలు తెర వైపు చూసింది. ముప్పు ఏదీ లేదని ఉంది. డిజైన్లన్నీ ఉన్నాయి. ఆ మాట చెబుదామని తిరిగితే, ఆయన్ని లేపడానికి చెయ్యి పట్టుకున్న చిన్నకోడలు చల్లబడిన ఆ చేతిని వదలకుండా అలాగే నిలబడి ఉంది.

"అక్కా..."

పైనుంచి "ఏవండోయ్" అన్న పిలుపు. చెప్పడానికి ఇద్దరూ కలిసే మెట్లెక్కారు.

బల్ల మీద సన్నటి స్క్రూడ్రైవర్ ఉంది. దాని అయస్కాంతపు మొనకి, బిగించకుండా మిగిలిన చిన్న మరమేకు ఒకటి ఇంకా అంటుకునే ఉంది.