ఇంట్లో ఇంకెవరుంటారు?

“పదకొండింటికి ఇల్లు చూడ్డానికి వస్తున్నారు హేజెల్ గారూ, కాస్త కాఫీ కాచి పెట్టండి. ఆ వాసనకే సగం బేరం కుదిరిపోతుంది” అన్నాడు ఏజెంటు లీ ఫోన్లో. కాఫీ నేనే కాచాలి. అద్దం మీద టూత్‌పేస్టు మరకలు నేనే తుడవాలి. మా ఆయన క్లైవ్ సోఫా పక్కన వదిలేసిన సాక్సులు, కుక్క వెంట్రుకలు, సింకులో రాత్రి గిన్నెలు అన్నీ మాయం చేసి, ఇక్కడ మనుషులెవరూ బతకడం లేదన్నట్టు పెట్టాలి. ఆ తర్వాత నేనూ మాయమవ్వాలి. ఇంటివాళ్ళు ఎదురుగా ఉంటే కొనేవాళ్ళు మొహమాటపడతారట! కుక్కను పట్టుకుని వానలో మా రిపన్ ఊరి కాలవగట్టు మీద తిరిగాను. సాయంత్రం క్లైవ్ ఆఫీసు నుంచి వచ్చి, “ఏమన్నారు, నా ఇల్లు నచ్చిందా?” అన్నాడు. నా ఇల్లట. నిజమే, పెళ్ళికి ముందు వాళ్ళమ్మ డోరీన్ సాయంతో కొన్నాడు, దస్తావేజులో తన పేరొక్కటే ఉంది. నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళకు పైగా నా జీతం తిండికీ, పిల్ల చదువుకీ, కారే పైకప్పుకీ పోయింది. తిన్న తిండి మీద ఎవరూ పేరు రాసుకోరు కదా.

ఆ వచ్చిన కుర్ర జంటకే ఇల్లు నచ్చింది. వాళ్ళు మా ఇంట్లోకి వస్తే, మేము ఊరి చివర మెట్లు లేని చిన్న ఇంట్లోకి వెళ్ళాలి. అందులో ఉన్న ముసలాయన కూతురి ఊరికి పోవాలి. అందరూ ఒకే రోజు కదలాలి, ఒకరు ఆగితే అందరూ ఆగాల్సిందే. ఇక్కడ ఇల్లు మారడమంటే ఇంతే.

తర్వాత ఒకరోజు క్లైవ్ లాయరు ఫిలిప్పా ఫోన్ చేసింది. కొనేవాళ్ళ లాయరు ప్రశ్నలు పంపాడట, యజమానే జవాబులు చెప్పాలట. యజమాని వంటగది బల్ల దగ్గర దర్జాగా కూర్చుని స్పీకరు పెట్టాడు. నేను బంగాళదుంపల చెక్కు తీస్తున్నాను.

“ఎడమవైపు కంచె ఎవరిదండీ?”

క్లైవ్ నావైపు చూశాడు. మనదేనని పెదవులు కదిపాను.

“మాదేనండీ” అన్నాడు గట్టిగా.

“బాయిలర్ సర్వీసు ఎప్పుడు చేయించారు?”

కనుబొమలు ఎగరేశాడు. మార్చిలో అని గుసగుసలాడాను.

“మార్చిలో. ఏటా తప్పకుండా చేయిస్తానండీ.”

ఏటా చేయిస్తాడట! ఇంటిని వెచ్చగా ఉంచే ఆ బాయిలర్ ఏ అల్మరాలో ఉందో ఈయనకు తెలిస్తే ఒట్టు.

“పక్కింటివాళ్ళతో గొడవలేమైనా ఉన్నాయా?”

లేవని తలూపాను. పక్కింటి గ్రాహం చెట్లు మా వెలుగంతా మింగేస్తుంటే, కేకులు చేసి పట్టుకెళ్ళి, ఆయన చెప్పే మోకాళ్ళ నొప్పుల కథలు విని, గొడవ దాకా రాకుండా కొట్టించింది నేను.

“గ్రాహమా? బంగారంలాంటి మనిషి. నేనంటే ప్రాణం” అన్నాడు క్లైవ్.

“ఆఖరి ప్రశ్న. మీరు కాక, పదిహేడేళ్ళు నిండినవాళ్ళు ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా?”

దీనికి మాత్రం ఆయన నావైపు చూడలేదు.

“ఎవరూ లేరండీ. పిల్ల లీడ్స్ వెళ్ళిపోయింది. నేనే.”

నా చేతిలో చాకు ఆగిపోయింది. మూరెడు దూరంలో నిలబడి, అప్పటిదాకా ఆ మనిషి నోటికి మాటలందించింది ఎవరు మరి?

“మరి మీ భార్య?” అంది ఫిలిప్పా.

“ఓ, హేజెలా! ఉంటుంది. ఎటూ ఉంటుందిగా!” అని నవ్వాడు.

ఫిలిప్పా నవ్వలేదు. “అయితే ఆవిడ సంతకం కావాలి. ఇల్లు ఖాళీ చేస్తాననీ, దీని మీద ఏ హక్కూ అడగననీ. అది లేనిదే వాళ్ళు కొనరు. ఆవిడ వేరే లాయరును కలిస్తే మంచిది.”

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ మంట ఆదివారం అత్తగారు భోజనానికి వచ్చేదాకా చల్లారలేదు.

“సంతకం పెట్టెయ్ తల్లీ, ఊరికే లాంఛనం కదా” అంది డోరీన్ నేను చేసిన గ్రేవీ ధారాళంగా పోసుకుంటూ. “కొత్త ఇల్లూ మావాడి పేరునే ఉంటే ఏ చిక్కూ ఉండదు.”

“నా పేరుంటే చిక్కేమిటి డోరీన్?”

“అబ్బబ్బ, ఏదో నోరు జారాను. ఇంత చిన్నదానికి మొహం మాడ్చుకుంటావేం?” అన్నాడు క్లైవ్.

చిన్నదే. ఆయనకు నేను కుర్చీలాగా, కెటిల్‌లాగా ఇంట్లో పడి ఉండేదాన్ని. కుర్చీని లెక్కలో ఎవరు చెబుతారు? రేపు ఆ కొత్త ఇంట్లోనూ ఇదే ప్రశ్న వస్తే ఇదే జవాబు చెబుతాడు. ఇన్నాళ్ళూ పట్టించుకోనందుకు నామీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు సంత చౌరస్తాలో బేకరీ పైన ఉండే లాయరు నెరిస్‌ దగ్గరికి వెళ్ళాను.

“సంతకం పెట్టకపోతే ఏమవుతుందండీ?”

“మిమ్మల్నెవరూ బలవంతపెట్టలేరు. కాపురం చేసిన ఇల్లు, అందులో ఉండే హక్కు మీకుంది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేదాకా ఇక్కడ ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. ఇంతకీ మీకేం కావాలి?”

ఆ మాట నన్నడిగి ఎన్నాళ్ళయిందో! మంచినీళ్ళు తాగి చెప్పాను.

మొన్న ఉదయం క్లైవ్ కాగితం, పెన్ను బల్ల మీద నాముందుకు తోశాడు. “లీ చంపుకు తింటున్నాడు. ఆ ముసలాయన పెట్టెలన్నీ సర్దేసుకున్నాడట. నీ ఒక్కదాని మూలంగా అందరూ ఆగారు.”

“కొత్త ఇంటికి ఇద్దరి పేర్లూ రాయించమని ఫిలిప్పాకి చెప్పు. అలా రాసిన కాగితం నెరిస్ చూసి సరేనన్న రోజున సంతకం పెడతాను.”

“అంటే నామీద నమ్మకం లేదా?”

“నువ్వు నన్ను లెక్కలోకే తీసుకోలేదు. నమ్మకం సంగతి తర్వాత చూద్దాం.”

ఆయన నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. స్పీకర్లో ఫిలిప్పా. “ఒక్క చిన్న ప్రశ్న క్లైవ్ గారూ. నీళ్ళు మొత్తం కట్టేసే వాల్వు ఇంట్లో ఎక్కడుందో కొనేవాళ్ళు అడుగుతున్నారు.”

క్లైవ్ అలవాటుగా నావైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. మెట్ల కింద, వాక్యూమ్ క్లీనర్ వెనకాల. కాస్త బిగుసుకుంటుంది, గుడ్డ పెట్టి తిప్పాలి. నేను కోటు తొడుక్కుని, కుక్క మెడకు పట్టీ తగిలించాను.

“హేజెల్! ఎక్కడుంది?” అని గుసగుసలాడాడు.

“నన్నడుగుతావేం? ఇంట్లో నువ్వు తప్ప ఎవరూ లేరుగా” అన్నాను, ఫిలిప్పాకు వినబడేంత గట్టిగా.