తుడవని నీళ్లు

రూపశ్రీ రెండు వేళ్లు మిషనులో నలిగినప్పుడు నేను పదడుగుల దూరంలో తూకం చీటీలు రాస్తున్నాను. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే మిషను అది. డబ్బాను మోసే ఇనుపబల్ల పట్టాల మీద సాఫీగా జారుతూ ప్రెస్సు కిందికి పోవాలి. ఆ రోజు మధ్యలో పట్టేసి ఆగింది. ఒరిగిన డబ్బాను సరిచేయబోయింది రూపశ్రీ. బల్ల ఒక్క ఉదుటున దూకింది.

ఆ మిషను మీదే పనిచేసే చెంగమ్మ తన కొంగు చింపి ఆ చేతికి కట్టింది. అంత కంగారులోనూ ఎంత మెత్తగా కట్టిందో!

ఆసుపత్రి ఆటో ఇంకా గేటు దాటలేదు, సూపర్‌వైజర్ భానుచందర్ కాగితం పట్టుకొచ్చాడు.

"పిల్ల అజాగ్రత్త అని అందరూ సంతకం పెట్టండి. బోర్డులో పచ్చలైటు వెలుగుతానే ఉండాది. మిషనుకేం రోగం?"

బల్ల పట్టేస్తే ఎర్రలైటు వెలిగి మిషను ఆగిపోయేది. సీజనులో మాటిమాటికీ ఆగుతోందని ఆ తీగ పీకించింది అతనే.

మధ్యాహ్నం టెంకల కుప్ప పక్కన ముప్పైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఎవరూ సద్ది విప్పలేదు. పని మొదలుపెట్టేముందు బల్ల మీద నిండు లోటా నీళ్లు పెట్టి చూడటం చెంగమ్మకు అలవాటు. బల్ల సరిగా జారితే చుక్క తొణకదు.

"నాలుగు దినాలుగా తొణుకుతానే ఉండాయి. తడి సూస్తే తిడతాడని నేనే కొంగుతో తుడిసేసినా" అంది చెంగమ్మ తల వంచుకుని. "బాగుచేసేదాకా ఇంక మిషను ఆపాల."

"బలే శుభ్రమక్కా నీకు!" నాగరత్నమ్మ దెప్పింది. "సరే, సీజను రెండు నెల్లే. మిషను ఆపితే ఏం తింటాం?"

"తినేదానికి వేళ్లుండాల గదమ్మీ" అంది చెంగమ్మ.

భానుచందర్ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టలేదు.

మర్నాడు ఎవరూ పనికి దిగలేదని తెలిసి యజమాని వచ్చాడు. అతని ముందే చెంగమ్మ లోటా పెట్టింది. బల్ల కదిలింది, పట్టేసింది, దూకింది. లోటా దొర్లిపోయింది.

"పచ్చలైటు సూడు సార్, నేల సూడు. ఏది అబద్దం?"

యజమాని ఫోను తీసి పోలీసులను పిలిచాడు. పని ఆపించిందని చెంగమ్మను జీపెక్కించారు. ఆమె సద్దిగిన్నె కింద ఉండిపోతే ఒక కానిస్టేబుల్ తీసి ఒళ్లో పెట్టాడు. ఆమే పని ఆపించిందని సాక్షి సంతకం నన్నడిగారు. నేను కలానికి మూత పెట్టాను.

జీపు పోగానే భానుచందర్ అరిచాడు: "నేల తుడవండమ్మా, మిషను వెయ్యాల!"

ఒక్క కొంగూ కదలలేదు. నాగరత్నమ్మ లోటా నింపి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె వెనక మిగతావాళ్లు వరసగా నిలబడ్డారు, తలా ఒక నిండు లోటాతో.

"తుడిసేది అయిపోయింది సార్" అంది నాగరత్నమ్మ. "వెయ్యి మిషను. అందరం సూస్తాం."