దిగివచ్చిన కప్పు

ఆవిడ ఒక దినపత్రికలో పంతొమ్మిదేళ్లుగా ‘సూదిమొన’ అనే శీర్షిక రాస్తోంది. ప్రతి గురువారం, నాలుగో పేజీలో, కుడిపక్క ఒకటిన్నర కాలమ్. ఆవిడ భర్త మంత్రి. అంతకుముందు ఏం చేసేవారని ఎవరైనా అడిగితే ఆయన కాసేపు ఆలోచించి "ప్రజాసేవే" అంటాడు. ఆలోచించేది నిజం గుర్తుచేసుకోవడానికి కాదు, ఎదుటివాళ్ల చేతిలో కెమెరా ఉందో లేదో చూసుకోవడానికి.

"అతన్నెలా చేసుకున్నావే?" అని వాళ్లక్క ఇప్పటికీ అడుగుతుంది.

"మనం మాట్లాడుతుంటే కళ్లార్పకుండా వినేవాడక్కా. ఎంత శ్రద్ధో అనుకున్నాను."

అది శ్రద్ధ కాదనీ, తన వంతు కోసం కాచుకోవడమనీ పెళ్లయిన ఆరు నెలలకు తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది. అయితే పెళ్లికి ముందే ఒక షరతు పెట్టడం ఆవిడ చేసిన ఒకే ఒక్క తెలివైన పని. "నా వంటకు వంకలు పెట్టండి, మా అమ్మకు వంకలు పెట్టండి. నా రాతలో మాట మాత్రం ముట్టుకోకండి." ముట్టుకుంటే ఒట్టు అన్నాడాయన. ఒట్లు పెట్టే వృత్తిలో అప్పటికింకా కొత్త కాబట్టి, చాలా ఏళ్లు నిలబెట్టుకున్నాడు కూడా.

ఆయన శాఖ కట్టించిన గ్రంథాలయం గోడలు మూడో నెలకే పగుళ్లిచ్చాయి. అక్కడ చదువుకునే పిల్లలు బయట మెట్ల మీద నలభై రోజులు కూర్చుని "మంత్రి దిగిరావాలి" అని అరిచారు. మంత్రి దిగిరాలేదు. అరుపులు వినపడకుండా కారు అద్దాలెత్తుకుని, అదే వీధిలోంచి మూడుసార్లు వెళ్లాడు. పదకొండో నెలలో, ఒక సెలవు రోజున, చదువుల గది కప్పు పడిపోయింది. కింద మనుషులు లేరు. నాలుగు బల్లలు, నిఘంటువుల బీరువా నుజ్జయ్యాయి.

ఆవిడ ఆ వారం దాని గురించే రాసింది. "ప్రారంభించిన పదకొండు నెలలకు కప్పు కూలింది" అని మొదలుపెట్టింది. మొదట మూడు మాటలు రాసి మూడూ కొట్టేసి చివరికి ‘కూలింది’ ఉంచింది. పడ్డదాన్ని పడ్డదనడానికి వేరే సింగారం అక్కర్లేదని ఆవిడ పట్టుదల.

గురువారం పొద్దున్న కాఫీ ముందు పెట్టుకుని పేపరు విప్పింది. "ప్రారంభించిన పదకొండు నెలలకు కప్పు దిగివచ్చింది" అని ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. దిగివచ్చిందే.

అంతలో ఫోను మోగింది. ఆవిడకు కాలేజీలో పాఠాలు చెప్పిన మాస్టారు. "ఏం మాటేశావే తల్లీ! మంత్రి దిగిరాకపోతే కప్పు దిగివచ్చిందీ! మొగుడని కూడా చూడకుండా..." ఆయన నవ్వలేక దగ్గారు. తర్వాత అక్క. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని ఏడుగురు. గ్రంథాలయం మెట్ల మీద పిల్లలు అప్పుడే గుడ్డ కట్టేశారట: ‘కప్పు దిగివచ్చింది, మీరెప్పుడు?’

ఆ మాట నాది కాదని మాస్టారికి చెప్పాలి. చెప్పలేదు. ఏడుగురికీ "అబ్బే, ఏదో అలా పడింది" అని వినయం ఒలకబోసింది. ఫోను పెట్టేశాక, పంతొమ్మిదేళ్లలో రానంత మెప్పు తనది కాని మాటకొచ్చిందని తట్టి, కాఫీ తాగబుద్ధి కాలేదు.

నేరుగా పత్రికాఫీసుకు వెళ్లింది. సంపాదకుడు ఆవిణ్ని చూసి కుర్చీలోంచి సగమే లేచాడు. ఆయన ఏ పనైనా సగమే చేస్తాడు, భయపడటం తప్ప.

"ఎవరు మార్చారు?"

"మీరేగా మేడమ్! నిన్న సాయంత్రం మంత్రిగారే ఫోన్ చేశారు. మా ఆవిడ ‘కూలింది’ తీసేసి ‘దిగివచ్చింది’ పెట్టమంటోంది, వేరే పనిలో ఉండి నన్ను చేయమంది అన్నారు."

"నేను ఏనాడైనా ఆయనతో చెప్పించానా?"

"లేదనుకోండి... కానీ మాట బావుంది కదా అని..."

ఆయన మొహం చూస్తే, బావుందనుకున్నది మాటను కాదనీ, మంత్రి స్వయంగా ఫోన్ చేయడాన్ననీ తెలిసిపోతోంది.

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చాడు. ఆవిడ వడ్డించలేదు. పేపరు వడ్డించింది.

"నా పేరు చెప్పి నా మాట మార్చారా?"

"ఏమోయ్, ‘కూలింది’ మరీ మోటుగా ఉందని... దిగివచ్చింది మంచి మాటే కదా! ధరలు దిగివచ్చాయి అంటాం, నిరుద్యోగం దిగివచ్చింది అంటాం. నేనెప్పుడు అన్నా చప్పట్లే కొట్టారు."

ఇరవయ్యేళ్లు వేదికలెక్కిన మనిషికి ఆ మాట అర్థం నిజంగానే తెలియదు. ఆయన లోకంలో దిగివచ్చేవన్నీ శుభవార్తలే. అబద్ధమాడాడన్న కోపం కంటే, అబద్ధం కూడా చేతకాలేదన్న ఏవగింపు ఆవిడకు ఎక్కువైంది.

"సరేలే, జరిగిందేదో మంచికే జరిగింది. నీకు పేరొచ్చింది. నాకూ వచ్చింది. భార్య ఎండగట్టినా పల్లెత్తు మాటనలేదు, ఎంత పెద్ద మనసో అంటున్నారు. పొద్దున్నే ప్రకటన కూడా ఇచ్చాను. ప్రజాస్వామ్యం మా వంటింట్లోనే మొదలవుతుందని."

"ఆ వంటింట్లో ఇవాళ అన్నం లేదు," అంది ఆవిడ.

నోరు మూసుకుంటే ఇద్దరికీ లాభమే. ఆ సంగతి తెలిసే ఆవిడ రెండు రోజులు కలం ముట్టుకోలేదు. తర్వాత రాసిన సూదిమొన నాలుగే వాక్యాలు: "గత వారం మీరందరూ మెచ్చుకున్న మాట నాది కాదు. నా భర్తది. నా పేరు చెప్పి మార్పించారు. నేను రాసింది ‘కూలింది’."

సంపాదకుడు చెమటలు తుడుచుకున్నాడు. "ఇది వేస్తే మంత్రిగారు నన్ను బతకనిస్తారా మేడమ్?"

"వేయకపోతే శీర్షిక ఇవాళ్టితో సరి. ఎందుకు మానేశానో వేరే పత్రికలో రాసుకుంటాను."

వేశాడు. ఊరంతా మళ్లీ నవ్వింది. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

"ఎంత చమత్కారమే! ఆయనకంత మాటెక్కడొస్తుంది? నువ్వు ఒకటి రాసి ఆయన మీదకు తోశావు," అన్నారు మాస్టారు. ఉత్తరాలు రాసినవాళ్లదీ అదే వరస. అబద్ధాన్ని అడక్కుండా నమ్మినవాళ్లు, నిజానికి మాత్రం సాక్ష్యం కావాలన్నారు. ఇలాంటివాళ్ల కోసమా పంతొమ్మిదేళ్లు మాటలు తూచి రాసింది అనిపించింది ఆవిడకు.

ఆవిడ అలా అనుకుని ఊరుకుంది. ఆయన ఊరుకోలేకపోయాడు. పార్టీలో పెద్దాయన నలుగురి ముందూ భుజం తట్టి, "మీ ఆవిడ అసాధ్యురాలయ్యా! ఆ మాట నీదంటే నమ్మేస్తామనుకుంది. నువ్వేమిటి, ఆ మాటేమిటి!" అన్నాడట. దొంగ అంటే దులుపుకుపోయే మనిషి, మొద్దు అంటే తట్టుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున్న ఒక వంతెన ప్రారంభించడానికి వెళ్లి, వంతెన సంగతి వదిలేసి మైకు పట్టుకున్నాడు.

పదకొండింటికి సంపాదకుడి దగ్గర్నుంచి ఫోను.

"మేడమ్, మంత్రిగారు సభలో... ఆ మాట నాదే, ఫోన్ చేసి మార్పించింది నేనే, కావాలంటే ఆ సంపాదకుణ్నే అడగండి అన్నారు. మూడుసార్లన్నారు. పార్టీవాళ్లు రాజీనామా అడిగారట. విలేకరి మాట పొల్లుపోకుండా రాసుకొచ్చాడు. కాస్త మెత్తబరచమంటారా? ‘సలహా ఇచ్చాను’ అన్నట్టుగా..."

"ఆయనేమన్నాడో అదే వేయండి," అంది ఆవిడ. "పాపం, జీవితంలో మొదటిసారి సొంతంగా మాట్లాడాడు."