కొంపాద్రే తొడిగిన చెప్పులు

క్రిసాంతోని కాళ్ళ బూట్లు కూడా మార్చుకోనివ్వలేదు. పంది నెత్తురు కారుతున్న ఏప్రన్‌తో, మోకాళ్ళ దాకా వచ్చే తెల్ల రబ్బరు బూట్లతో, చేతులు వెనక్కి విరిచికట్టి అలాగే నడిపించుకుపోయారు. అప్పుడు ఉదయం తొమ్మిదింబావు. ఆ మాంసం ఫ్యాక్టరీలో, ఎముక నుంచి తొడమాంసం కోసి వేరు చేసే కదిలే చైను దగ్గర ఇంకా రెండువందల మంది కత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. చైనూ ఆగలేదు. మనుషుల్ని పట్టుకుపోతున్నా దాన్ని ఆపాలని ఫోర్‌మన్‌కి తోచలేదు. మనిషి లేని చోట్ల కొయ్యని తొడలు ఒకదాని మీద ఒకటి పేరుకుని నేల మీద పడుతున్నాయి.

ఇదంతా క్రిసాంతో భార్య ఒబ్దూలియా మురికి ఏప్రన్ల బండిలోంచి చూసింది. మిగ్రావాళ్ళు, అంటే కాగితాలు లేనివాళ్ళని పట్టుకునే పోలీసులు, తలుపు దగ్గర కనబడగానే పక్కన పనిచేసే సోమాలీ పిల్ల హోదాన్ ఆమె జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్ళి ఆ బండిలోకి తోసింది. పైన ఇంకో ముప్ఫై ఏప్రన్లు కుమ్మరించింది.

"నోరెత్తావంటే నేనే పట్టిస్తా. ఊపిరి మెల్లిగా పీల్చుకో అక్కా," అంది.

బండి సందులోంచి భర్త కనబడ్డాడు. తలుపు దాటే ముందు అతను ఒక్కసారి వెనక్కి తిరిగాడు. ఒబ్దూలియా రోజూ నిలబడే చోటు ఖాళీగా ఉంది. అది చూసి నిమ్మళించినట్టు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క పూట నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో, వెల్కర్‌లో, అరవైయొక్క మందిని పట్టుకుపోయారు. సాయంత్రం వార్తల్లో ఆ ప్రాంతం నుంచి వాషింగ్టన్ సభకి వెళ్ళిన వెండెల్ స్ట్రోబెల్ కనబడ్డాడు. ఎర్ర టై, నున్నగా గీసుకున్న గడ్డం. "చట్టం తన పని తాను చేసింది. మన ఊళ్ళు మనకి దక్కాలనే జనం నన్ను పంపారు," అన్నాడు. ఒక్క మాట కూడా తడబడలేదు.

"అమ్మా, వీడి నోరు పడిపోను! వీడేనా మన ఇంట్లో తిన్నది?" అని కూతురు ఇత్సెల్ టీవీ కట్టేసింది.

ఒబ్దూలియా గోడకున్న ఫొటో వంక చూస్తూ కూచుంది. కళ్ళలో నీళ్ళు లేవు. ఏడుపు కంటే పెద్దదేదో లోపల పుడుతోంది.

ఆ ఫొటో నాలుగేళ్ళ కిందటిది. ఇత్సెల్‌కి పదిహేనేళ్ళు నిండినప్పుడు యూనియన్ హాల్లో చేసిన పండగ. ఆ రోజు ఆడపిల్ల మడమల్లేని చెప్పులతో హాల్లోకి వస్తుంది. అందరి ముందూ ఆమెని కుర్చీలో కూచోబెట్టి, మోకాళ్ళ మీద వంగి, ఎత్తు మడమల చెప్పులు తొడుగుతారు. అప్పట్నుంచీ ఆమె పెద్దదైనట్టు. ఆ తొడిగే గౌరవం తండ్రిది. క్రిసాంతో ఆ గౌరవాన్ని స్ట్రోబెల్‌కి ఇచ్చేశాడు.

ఇవ్వక ఏం చేస్తాడు? అప్పుడు స్ట్రోబెల్ మొదటిసారి ఎన్నికల్లో నిలబడి ఊరూరా తిరుగుతున్నాడు. ఈ హాలుకొచ్చి, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలెలు మూడు తిన్నాడు. ఓడలో వచ్చిన తన తాత దగ్గర రెండు చేతులు తప్ప ఏ కాగితమూ లేదని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. మీ అందరికీ కాగితాలిచ్చే చట్టం వచ్చేదాకా నిద్రపోనన్నాడు. క్రిసాంతో కరిగి నీరైపోయాడు. తెల్ల శాటిన్ చెప్పులు స్ట్రోబెలే కొని తెచ్చాడు. మూడొందల మంది ముందు మోకాళ్ళ మీద కూచుని పిల్ల కాళ్ళకి తొడిగాడు. ఆ క్షణం నుంచీ అతను ఇత్సెల్‌కి జ్ఞానతండ్రి, ఆ తల్లిదండ్రులకి కొంపాద్రే.

గ్వాటెమాలా నుంచి వచ్చిన ఈ జనానికి కొంపాద్రే అంటే తోడబుట్టినవాడి కన్నా ఎక్కువ. అతని ముందు గొంతు పెంచరు. అతన్ని మీరనే అంటారు. అతని మాట మీద అనుమానపడడం తప్పు. స్ట్రోబెల్‌కి మాత్రం అదొక ఫొటో. స్పానిష్‌లో అచ్చేసిన కరపత్రాలన్నిటి మీదా ఆ ఫొటోయే వేయించుకున్నాడు. ఓటున్నవాళ్ళు ఓట్లేశారు, లేనివాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కాళ్ళరగదీసుకున్నారు. ఏడొందల రెండు ఓట్ల తేడాతో గట్టెక్కాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచాడు.

ఆ చట్టం ఈ ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చింది. స్ట్రోబెల్ గొంతు మారిందని అప్పుడే పుకారు పుట్టింది. పార్టీ పెద్దలు కన్నెర్రజేశారనీ, వెనక్కి తగ్గుతున్నాడనీ అన్నారు. అతని ఆఫీసు ముందు కూచుందామని హాల్లో అందరూ లేచారు. అడ్డం తిరిగింది ఎవరు? ఒబ్దూలియాయే.

"నా కూతురి కాళ్ళు పట్టుకున్న మనిషి. కొంపాద్రే మాట తప్పడు. ఆయన గడప ముందు గోల చేస్తే మనకే సిగ్గు," అంది.

అందరూ కూచున్నారు. మార్చిలో స్ట్రోబెల్ ఆ చట్టానికి వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. ఏప్రిల్లో క్రిసాంతోని తీసుకుపోయారు.

దాడి జరిగిన మర్నాడు హాలు కిక్కిరిసింది. భర్తలు పోయినవాళ్ళు, తల్లులు పోయినవాళ్ళు. యూనియన్ కార్యదర్శి ఫెర్మీన్, ముప్ఫయ్యేళ్ళు కత్తి పట్టి వేళ్ళు కొంకర్లు పోయిన మనిషి, బల్ల మీద చరుస్తూ ఉన్నాడు గానీ ఎవరూ వినడం లేదు.

"మీకు చుట్టాలు కావాలి!" అని హోదాన్ వెనక నుంచి అరిచింది. "నాయకుడు కనబడితే చాలు, బావా అంటారు, అన్నా అంటారు, పిల్లని ఒళ్ళో కూచోబెడతారు. వాడు చుట్టం కాదు, నాయకుడు. పనిచేస్తే ఉంచాలి, చెయ్యకపోతే తన్నాలి. ఇదీ తెలీదా మీకు?"

"నువ్వు కాగితాలున్నదానివి, ఎన్నైనా మాట్లాడతావు," అన్నాడొకడు.

"శరణార్థిగా వచ్చి, ఎనిమిదేళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకున్నా. నిన్న ఏప్రన్ల కింద మీ అక్కని దాచింది కూడా ఆ కాగితాలున్న చేతులేరా!"

ఒబ్దూలియా లేచి నిలబడింది. హాలు సద్దుమణిగింది.

"ఆ పిల్ల అన్నది నిజం. ఫిబ్రవరిలో మిమ్మల్ని ఆపింది నేను. ఆపకపోతే వాడు భయపడేవాడేమో, చెయ్యి ఎత్తేవాడు కాదేమో. నాకు తెలీదు. నా మొగుణ్ణి వాడు నా ఇంట్లోంచి లాగాడు. నేను వాణ్ణి వాడి కుర్చీలోంచి లాగుతాను."

"నీకు ఓటే లేదు కదే," అన్నాడు ఫెర్మీన్ జాలిగా.

"నాకు లేదు మామా. నేను ఇక్కడ కన్నదానికుంది. మనందరం కన్నవాళ్ళకుంది. ఎంతమంది వేస్తున్నారో చెప్పు? సగం మంది పేరు కూడా రాయించుకోలేదు."

ఆ వేసవంతా వాళ్ళు తిరిగారు. చర్చి మెట్ల దగ్గర, మసీదు వాకిట్లో, బట్టలుతికే షాపుల్లో, ఫుట్‌బాల్ మైదానంలో. ఇత్సెల్ చేతిలో ఓటరు నమోదు ఫారాలు, పక్కన తల్లి. హోదాన్ సోమాలీ ఇళ్ళన్నీ చుట్టబెట్టింది. తలుపులు మొహం మీదే వేసినవాళ్ళున్నారు. "ఓటేస్తే మాకేమొస్తుంది?" అని ఒక కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా అడిగాడు.

"నీకేమీ రాదు," అంది ఒబ్దూలియా. "వాడిది పోతుంది."

ఆ మాట నచ్చి కుర్రాడు సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆమె ప్రతి గడపలోనూ అదే చెప్పింది. జూన్‌లో క్రిసాంతోని గ్వాటెమాలా విమానం ఎక్కించేశారు. ఆ రోజు కూడా ఆమె పద్నాలుగు ఇళ్ళు తిరిగింది. పట్టుబడినవాళ్ళు పోగా, భయపడి మానేసినవాళ్ళు పోగా ఫ్యాక్టరీ సగం చేతులతో కుంటుతోంది. కొనేవాడు లేక పందులు కొట్టాల్లోనే బలిసిపోతుంటే తెల్ల రైతులు కూడా స్ట్రోబెల్‌ని తిట్టుకోవడం మొదలెట్టారు.

ఆగస్టు చివరికి కొత్త ఓటర్లు తొమ్మిదొందలు దాటారు. ఆ అంకె స్ట్రోబెల్ చెవిన పడింది. పడగానే మనిషికి జ్ఞానోదయమైంది! నా మాటల్ని వక్రీకరించారని రేడియోలో వాపోయాడు. ఈ దేశాన్ని కట్టిందే వలస వచ్చినవాళ్ళన్నాడు. ఆదివారం మధ్యాహ్నం సహాయకుడి చేత పెద్ద కేకు మోయించుకుంటూ నేరుగా హాలుకొచ్చేశాడు.

"మి ఫమీలియా!" అంటే నా కుటుంబమా, అని చేతులు చాచాడు. అతనికొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో అదొకటి. ఎవరూ ఆ చేతుల్లోకి వెళ్ళలేదు. తాను విన్నాననీ, నేర్చుకున్నాననీ, ఈసారి గెలిపిస్తే ఆ చట్టాన్ని తానే తెస్తాననీ చెప్పుకుపోయాడు.

ఫెర్మీన్ జనం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "వినండర్రా. అవతల నిలబడ్డవాడు మాత్రం మనవాడా? వీడు కనీసం భయపడ్డాడు. కాగితం మీద రాయించుకుందాం."

"వాడు మోకాళ్ళ మీద కూచుని చేసిన ప్రమాణమే నిలవలేదు మామా, కాగితం నిలుస్తుందా?" అంది ఒబ్దూలియా.

సంచిలోంచి తెల్ల శాటిన్ చెప్పులు తీసి కేకు పక్కన పెట్టింది. హాల్లో ఒక ముసలమ్మ గుండెల మీద శిలువ గీసుకుంది. జ్ఞానతండ్రి ఇచ్చింది తిప్పికొట్టడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు, వినలేదు. తల్లి అంటున్నదాన్ని ఇత్సెల్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పసాగింది. అతను ఆనాడు చెప్పులు తొడిగింది ఆ పిల్ల కాళ్ళకే.

"నాలుగేళ్ళు నిన్ను మీరన్నాను. ఇక అనను. నీ చెప్పులు నువ్వు పట్టుకుపో. నా కూతురికి నువ్వు ఏమీ కావు, నాకూ ఏమీ కావు. నా మొగుడు తన గౌరవం నీకిచ్చాడు. ఆయన వెళ్ళేటప్పుడు కాళ్ళకున్నవి కంపెనీ బూట్లు. చూశావా నువ్వు? నేను చూశాను."

స్ట్రోబెల్ మొహం కందగడ్డయింది. ఎవరికీ అర్థం కాదనుకున్నాడేమో, సహాయకుడి వైపు వంగి ఇంగ్లీషులో అడిగాడు: "వీళ్ళలో అసలు ఓటున్నవాళ్ళెంతమంది?"

ఇత్సెల్ దాన్ని కూడా వదల్లేదు. గట్టిగా స్పానిష్‌లో చెప్పేసింది.

వెనక బెంచీ కిర్రుమంది. హోదాన్ లేచింది.

"నాకుంది."

ఆమె పక్కన ఇంకొకామె లేచింది. "నాకుంది." ఫోన్‌లోంచి తలెత్తని కుర్రాడు లేచాడు. "నాకుంది." మూలల్లోంచి, గోడల దగ్గర నుంచి, గుమ్మంలోంచి, నాకుంది, నాకుంది. చివరికి ఫెర్మీన్ కొంకరపోయిన వేళ్ళు బల్లకానించి లేచాడు. "నాకూ ఉందిరా."

"నాకుంది," అంది ఇత్సెల్.

"నాకు లేదు," అంది ఒబ్దూలియా. "అందుకే ఇంతమందిని లేపాను."

స్ట్రోబెల్ వెళ్ళిపోయాడు. చెప్పులు బల్ల మీదే ఉండిపోయాయి.

నాలుగో రోజు పొద్దున్న ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒబ్దూలియాని పట్టుకున్నారు. కబురెవరు పెట్టారో ఎవరూ చూడలేదు. అనుమానం లేనివాళ్ళూ ఎవరూ లేరు. ఆ సంగతి నిమిషాల్లో లోపలికి పాకింది. హోదాన్ కత్తి బల్ల మీద పెట్టింది. ఆమె ఎదుటివాడు పెట్టాడు. చైను పొడవునా కత్తులన్నీ కిందికి దిగాయి. ఏప్రిల్లో ఆగని చైను ఆ రోజు ఆగింది. ఫోర్‌మన్ గొంతు పోయేలా అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. సాయంత్రం దాకా ఒక్క తొడా కదల్లేదు.

నవంబరులో స్ట్రోబెల్ నాలుగొందల పంతొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ వార్త ఒబ్దూలియా నిర్బంధ కేంద్రంలో, మధ్యాహ్నం కూడు తినేటప్పుడు టీవీలో చూసింది. కుర్చీ పోయినవాడి మొహం ఎలా ఉంటుందో తనివితీరా చూసింది. ఆమెకి జాలి వెయ్యలేదు. కడుపు నిండింది.

మరో వారానికి ఇత్సెల్ ఫోన్ చేసింది.

"గురువారం నన్నెక్కించేస్తారటే," అంది ఒబ్దూలియా.

"తెలుసమ్మా. లాయరు చెప్పాడు." పిల్ల ముక్కు చీదింది. "నాన్న విమానాశ్రయానికి వస్తానన్నాడు. వాణ్ణి పడగొట్టామని చెప్తే ఫోన్‌లోనే గట్టిగా నవ్వాడు."

"ఏడవకు. నేనెళ్ళినా పని ఆగకూడదు. అక్కడేం జరుగుతోంది?"

"గెలిచినాయన నిన్న హాలుకొచ్చాడు. కేకు తెచ్చాడు. సరిహద్దు సంగతి తొందరపడి తేల్చలేం, అందరి మాటా వింటానన్నాడు. ఫెర్మీన్ తాత మనవరాలికి పదిహేనేళ్ళట కదా, నేను జ్ఞానతండ్రిగా ఉండనా అని కూడా అడిగాడు."

ఒబ్దూలియా రిసీవరు గట్టిగా పట్టుకుంది. "ఏం చేశారు?"

"కేకు బయటే పెట్టించింది హోదాన్ అక్క. ముందు సభలో మా చట్టానికి చెయ్యెత్తి రా, తర్వాత తిందువుగాని అంది. లోపల గోడకి మేకు కొట్టి నా తెల్ల చెప్పులు తగిలించాం అమ్మా. సరిగ్గా వాటి కిందే ఆయనకి కుర్చీ వేశాం."

"కూచున్నాడా?"

"కూచున్నాడు. మాట్లాడినంతసేపూ తలెత్తి పైకే చూస్తున్నాడు."