కొంగది ఎవరి మొహం?

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. దంతవైద్యులు నోటి అచ్చులు పంపుతారు, నేను వాటికి సరిపడా పళ్ళు కట్టి పంపుతాను. ఏళ్ళ తరబడి ఇదే పని చేసి చేసి, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళలోకి కాకుండా నోటిలోకి చూడటం అలవాటైపోయింది. మర్యాద కాదని తెలుసు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పనితో వచ్చిన బుద్ధీ అంతే.

అలాంటి నాకు సినిమా గురించి ఫోన్ రావడమేమిటి? వచ్చింది. పాత సినిమా రీళ్ళు భద్రపరిచే సంస్థ నుంచి ఒక పరిశోధకురాలు మాట్లాడింది. గొంతు వింటే కాలేజీ వదిలి ఎంతో కాలం అయినట్టు లేదు. 'కొంగ ఫోటో' అనే ఎనిమిది నిమిషాల బొమ్మల సినిమాని బాగుచేసి మళ్ళీ వేస్తున్నారట. దాంతోపాటు తెర వెనుక సంగతులన్నీ చేర్చి చిన్న పుస్తకం కూడా వేస్తున్నారట. బొమ్మలు గీసిన నలుగురిలో మా అమ్మ ఒకతెట.

"మీ అమ్మగారు గీసిన భాగం ఏదో మీకేమైనా తెలుసా మేడమ్?"

"మా అమ్మ మొహమే నాకు తెలియదమ్మాయ్," అన్నాను.

అది విసురుగా అన్నమాట కాదు, నిజం. నాకు ఆరు నెలలు నిండకుండానే అమ్మ జ్వరంతో పోయింది. ఆమె గురించి అడిగితే నాన్న "బొమ్మలు గీసేది" అని ఒక్క ముక్క చెప్పి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఆయనా లేడు. నన్ను పెంచింది మేనత్త. ఇంట్లో అమ్మది ఒకే ఒక్క ఫోటో ఉంది, పెళ్ళినాటిది. పెదవులు బిగించి, ఎవరో తుపాకీ చూపిస్తున్నట్టు నిలబడి ఉంటుంది. పళ్ళు కనబడవు. పళ్ళు కనబడని ఫోటో నాకెందుకు? కదిలే అమ్మని, ఎంత చిన్న ముక్కైనా సరే, ఒక్కసారి చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసేలోపే వస్తానని చెప్పేశాను.

సంస్థ ఆఫీసు ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. గది నిండా రేకు డబ్బాలు, వెనిగర్ వాసన. పాత ఫిల్ము పాడైతే అదే వాసన వేస్తుందట. అప్పటి వాళ్ళలో బతికి ఉన్న ఇద్దరినీ ఆ అమ్మాయి పిలిపించింది. ఒకరు దర్శకుడుగారు, ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇంకా ఖంగుమంటోంది. రెండో ఆయన కెమెరామన్, ఈయన కన్నా కాస్త చిన్న. ఆయన పళ్ళు సొంతవే.

ముందు సినిమా వేసి చూపించారు. కొంగ ఫోటో దిగడానికి స్టూడియోకి వస్తుంది. ఫోటో తీసేది తాబేలు. కొంగ కాళ్ళు చట్రంలో పడితే తల పడదు, తల పడితే కాళ్ళు పడవు. తాబేలుకి ఫ్లాష్ అంటే భయం. తను నొక్కిన ఫ్లాష్‌కి తనే జడుసుకుని డిప్పలోకి దూరిపోతుంది. చివరికి కెమెరా మీది నల్లగుడ్డని డిప్ప అనుకుని అందులోనే ఉండిపోతుంది, ఇక ఎవరు పిలిచినా రాదు. నేను పడీ పడీ నవ్వాను. వచ్చిన పని గుర్తొచ్చి ఆపాను.

"ఇందులో మా అమ్మ ఏది గీసిందండీ?"

"తాబేలమ్మా. తాబేలు మొత్తం ఆవిడదే," అన్నారు దర్శకుడుగారు.

"తాబేలు గీసింది ఆ నలుగురిలో పొట్టాయన కదండీ! ఈవిడ తల్లి గీసింది పొగ. ఫ్లాష్ పేలినప్పుడు లేస్తుందే, ఆ పొగ," అన్నారు కెమెరామన్.

"మన సినిమాలో పొగెక్కడ తగలడింది?"

ఆ అమ్మాయి రీలు వెనక్కి తిప్పి చూపించింది. పొగ ఉంది, తెరంతా ఉంది.

"ఇది తరవాత ఎవరో కలిపారు," అన్నారు దర్శకుడుగారు, ఏ మాత్రం తొణక్కుండా.

ఇక మొదలైంది. ఒకచోట కొంగకి మూడు కాళ్ళు కనబడతాయి. అది తను కావాలని వేయించిన జోకని దర్శకుడుగారు, రెండు బొమ్మలు ఒకదానికొకటి అతుక్కుపోతే చూసుకోకుండా తను ఫోటో తీసిన పొరపాటని కెమెరామన్. తాబేలు గొంతు కిర్రుమనే కుర్చీదని ఒకరు, దర్శకుడిగారి మామగారిదని ఇంకొకరు. ఆ అమ్మాయి ఇద్దరు చెప్పిందీ రాసుకుంటూనే ఉంది. ఇద్దరు చెప్పిందీ వింటూ నా బుర్ర గానుగెద్దులా తిరిగింది. గంట గడిచేసరికి మా అమ్మ వాటా తాబేలు నుంచి పొగకి, పొగ నుంచి కొంగ కాళ్ళకి వచ్చింది. ఇంకాసేపు కూర్చుంటే అసలు ఆ సినిమాకే పనిచేయలేదని తేలేలా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏ బొమ్మ ఎవరిదో తెలుసుకునే దారే లేదా?" అని గట్టిగానే అడిగాను.

కెమెరామన్ కాస్త ఆలోచించారు. "ఒకటుంది. బల్ల మీద అందరికీ తలా ఒక గుండ్రటద్దం ఉండేది. కోపం గీయాలంటే అద్దంలో చూస్తూ కోపంగా మొహం పెట్టేవాళ్ళు, ఏడుపు గీయాలంటే ఏడుపు మొహం. చూసింది చూసినట్టు బొమ్మకి దించేవాళ్ళు. అందుకని ఎవరు గీసిన కొంగకి వాళ్ళ మొహమే వచ్చేది. పొట్టాయన కొంగకి బుగ్గలుండేవి."

"నిజమే," అన్నారు దర్శకుడుగారు. వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఆ అమ్మాయి సినిమాని ఒక్కో బొమ్మ చొప్పున మెల్లగా నడిపింది. నేను కుర్చీ ముందుకి లాక్కుని కొంగ ముక్కునే చూస్తున్నాను. తాబేలు నల్లగుడ్డలోంచి "కదలకు, నవ్వకు" అంటుంది. కొంగ మొహం తెర నిండా వస్తుంది. నవ్వు తన్నుకొస్తోంది, నవ్వకూడదు. ముక్కు కింది సగాన్ని పై సగం కిందికి లాక్కుని, ఒక పక్కకి కొరికి పట్టుకుంది. ఒక కన్ను అరమూసింది. మెడ వెనక్కి లాగింది.

"ఇది మా అత్త!" అని అరిచాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నాకు మాత్రం అనుమానం లేదు. ఆ మొహం నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నాను. మందు తాగించేటప్పుడు, జడ వేసేటప్పుడు, నా మార్కులు చూసినప్పుడు, అత్త పెట్టే మొహం అదే. ఆ నోరు నాకు తెలియకపోవడమేమిటి, దానికి పైవరస పళ్ళు చేసింది నేనే.

"మీ అత్తగారు కూడా ఈ సినిమాకి పనిచేశారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మా అత్త బస్‌స్టేషన్‌లో టికెట్లిచ్చేది. సున్నా చుట్టమంటే వంకాయ గీస్తుంది. ఆ బొమ్మలవాళ్ళ గుమ్మం తొక్కి ఉండదు."

"మరి ఆవిడ మొహం కొంగకెలా వచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. "మీ అమ్మగారికి ఆవిడ ఆడబిడ్డ కదా! అద్దంలో ఆడబిడ్డని వెక్కిరిస్తూ గీసేశారు. ఆడబిడ్డ మీద వదిన కసి! మేడమ్, ఇంతకన్నా మంచి విశేషం పుస్తకంలో ఇంకోటి లేదు. మొదటి పేజీలో వేసేస్తాను. రేపే అచ్చుకి వెళ్తోంది."

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఆ అర్ధమొగుడిని కొంగలో పెట్టి ఊరందరి చేతా నవ్వించిందంటే నమ్మలేని సంగతేం కాదు. కానీ ఇన్నాళ్ళకి అమ్మ దొరికింది, దొరికీ దొరకడం నన్ను పెంచినదాన్ని వెక్కిరిస్తూ దొరికింది. అత్తని ఆ ప్రదర్శనకి తీసుకెళ్తానని చెప్పి ఉన్నాను. హాల్లో పక్కవాళ్ళు ఆ పుస్తకం చదివి ఆమె వైపు తిరిగి నవ్వుతారు.

"ఆవిణ్ణి అడక్కుండా అచ్చు వేశావో, నీ పళ్ళకి ఎప్పుడైనా అవసరం పడితే నా దగ్గరికి రాకు," అని చెప్పి, ఆ కొంగ ముక్క ఫోన్‌లోకి ఎక్కించుకుని వచ్చేశాను.

అత్త కిటికీ దగ్గర కూర్చుని నా సంచికి తెగిన పట్టీ కుడుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. డొంకతిరుగుడు నాకు చేతకాదు.

"అత్తా, మా అమ్మకీ నీకూ పడేదా?"

"పడేది కాదు," అంది, సూది మీంచి కళ్ళెత్తకుండా.

నా ప్రాణం ఉసూరుమంది. ఇక దాచి లాభం లేదని ఫోన్ ఆమె ముందు పెట్టాను. కొంగ నవ్వు ఆపుకుంది. అత్త సూది పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఇంకోసారి వేయమంది. వేశాను.

"వదిన," అంది.

"కాదు, నువ్వు."

"నేనెందుకవుతానే? నేను అప్పటికి ఈ మొహం నేర్చుకోనేలేదు."

"నేర్చుకోవడమేమిటి? మొహం ఎవరైనా నేర్చుకుంటారా?"

అత్త చెప్పింది, టికెట్ ఎంతో చెప్పినట్టు, ఏ హంగూ లేకుండా.

"ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేవు మాకు. నేను ఏదన్నా అంటే చాలు, మీ అమ్మ ఈ మొహం పెట్టేది. నన్ను వెక్కిరిస్తోందని మండిపోయేదాన్ని. నీకు చెంచాతో పాలు పట్టేటప్పుడూ ఇదే మొహం. బిడ్డకి కూడా నన్ను వెక్కిరించడం నేర్పుతోంది, చూడు, అనుకునేదాన్ని."

"మరి?"

"మరేముంది, పోయింది. నువ్వు పాలు ముట్టలేదు. ఎవరు పట్టినా ఉమ్మేసేదానివి. నర్సు వచ్చింది, పక్కింటావిడ వచ్చింది, ఎవరి వల్లా కాలేదు. మీ నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. నువ్వూ దక్కవనే అనుకున్నామే. నాకు చూస్తే పిల్లల సంగతి ఏం తెలుసు? అప్పుడు మా పక్క కౌంటర్లో ఆవిడ చెప్పింది, మీ వదిన బొమ్మల సినిమా పెద్ద సినిమాకి ముందు వేస్తున్నారని. ఎందుకో వెళ్ళాను. కొంగ ఈ మొహం పెట్టింది. హాలంతా గొల్లుమంది. అప్పటిదాకా తెలియలేదు నాకు, అది వెక్కిరింపు కాదని. నవ్వు ఆపుకోవడం. నేను తిడుతుంటే ఆ పిచ్చిదానికి నవ్వొచ్చేది, నేను ఇంకా నొచ్చుకుంటానని ఆపుకునేది."

అత్త చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ పైరోజూ వెళ్ళాను. కొంగ అయిపోగానే లేచి వచ్చేసేదాన్ని. 'అసలు సినిమా ఇప్పుడే మొదలవుతుందమ్మా' అనేవాడు గేటు దగ్గర మనిషి. 'నాది అయిపోయింది' అనేదాన్ని. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి పెదవి ఇలా, కన్ను అలా. ఎంతకీ కుదిరేది కాదు. నిన్ను చూసి పెడితే ఇంకా జడుసుకుని ఏడ్చేదానివి. ఒకరోజు చెంచా పట్టుకుని పెట్టాను. ఏడుపు ఆపి నా వంక చూశావు. నోరు తెరిచావు. అంతే. నీకు పళ్ళొచ్చాక మానేద్దామనుకున్నా, మొహం మాననిస్తేగా!"

 అమ్మ ఎక్కడ ఉందో అని వెనిగర్ వాసన గదుల్లో వెతికినదాన్ని, ఇన్నేళ్ళూ ఆమెనే అత్త మొహంలో రోజుకి పదిసార్లు చూస్తూ విసుక్కున్నాను.

"మరి అంతకుముందు నీ మొహం ఎలా ఉండేది అత్తా? నీది, నీ సొంతది?"

అత్త ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "ఏమోనే. ఎవరు చూశారు? టికెట్టు తీసుకునేవాళ్ళు చిల్లర వంక చూస్తారు గాని మనిషి వంక చూస్తారా?"

ఫోన్ మోగింది. ఆ పరిశోధకురాలు. ఏం రాయించమంటావని అత్తని అడిగాను.

"అది మీ అమ్మ గీసిందని రాయించు. అదేగా నిజం."

"నీ సంగతి?"

"నేనేం గీశాను? నోరు మూసుకుని చెప్పింది చెప్పు."

చెప్పాను. ఆ అమ్మాయికి నచ్చలేదు. కసి లేకపోతే విశేషమేముంది మేడమ్, అంది. తెర నిండా కనబడే మొహం నలుగురిలో ఎవరిదో తేలింది, అది చాలదా అని కసిరి పెట్టేశాను.

"అత్తా, ఒకసారి ఆ మొహం పెట్టవూ?"

"అడిగితే వస్తుందా?" అంటూనే ప్రయత్నించింది. పంటినొప్పి వచ్చిన మనిషిలా అయింది గాని కొంగ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించి, నా వల్ల కాదే అని వదిలేసి, సూది మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు జారడం వగైరా కాదు, నా వయసు మనిషి ఏడవకూడని విధంగా, నోరు పెద్దగా తెరిచి, బావురుమని. ఎవరి కోసం ఏడుస్తున్నానో కూడా తెలియలేదు, ఆమె కోసమా, ఈమె కోసమా. అత్త కంగారుపడిపోయింది. సంచి కింద పడింది. ఏం చేయాలో తోచక నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. కింది పెదవి పైపళ్ళ కిందికి పోయింది, ఒక పక్కకి లాక్కుంది, కన్ను అరమూసుకుంది, మెడ వెనక్కి వెళ్ళింది.

నేను ఏడుపు ఆపాను. ఆపక ఏం చేస్తాను, అలవాటు.