కలపని గీత

యశోద అన్నది “కెల్టిక్” అని. తల్లి ముత్తక్క చెవిన పడింది “కల్తీ” అని.

“అన్నకు నిలబెట్టే రాయి మీద కెల్టిక్ ఏస్తనే అమ్మా,” అంది యశోద, గోడ మీద సుద్దముక్కతో గీసుకుంటూ. ముత్తక్క చేతిలోని చేట జారి నూకలన్నీ వాకిట్లో పడ్డాయి.

“ఏమేస్తవ్?”

“గిదే, గోడ మీదున్నదే.”

“గది రాయి మీద ఏస్తవా? ఊరందరు చూడంగ? నీ చేతులిరగ!”

ఆ ‘గది’ని పేరు పెట్టి పలకడానికి ముత్తక్కకు నోరు రాలేదు. ఎర్రమట్టి నీళ్లలో గుడ్డ ముంచి గోడంతా రుద్దింది. బొమ్మ పోయాక కూడా రుద్దుతూనే ఉంది. బొమ్మంటే పడక కాబోలనుకుంది యశోద.

యశోద అన్న లాలు వానాకాలం మొదట్లో పోయాడు. జ్వరమొచ్చి పోయాడని ముత్తక్క గూడెమంతా చెప్పింది. యశోదకు మాత్రం దవాఖానా తలుపు చాటున డాక్టరు మాట వినబడింది: కల్తీ కల్లు. కొడుకు తాగి చచ్చాడనడానికి అమ్మకు సిగ్గేమోలే అనుకుని, తనూ జ్వరమన్న మాట మీదే ఉండిపోయింది.

లాలు తాళ్లు గీసేవాడు. ఇప్పుడు చెల్లెలూ తాళ్లే గీస్తోంది. అన్నవి కల్లు చెట్లు, చెల్లెలివి బొమ్మలో పురులు. భద్రాచలంలో ఆమె పనిచేసే ఫ్లెక్సీల షాపు ఓనరు ఉదయ్ భాస్కర్ ఒకరోజు ఫోనులో ఒక ముడి బొమ్మ చూపించాడు. “గిది కెల్టిక్ ఆర్ట్ అంటరు యశోదా. ఐర్లాండు దిక్కు పాతకాలపోళ్లు రాళ్ల మీద చెక్కిన్రు. శుభలేఖలకు బార్డర్ చెయ్యాలె, జల్దీ నేర్చుకో.” శుభలేఖల సంగతి యశోద చెవికెక్కలేదు. రాళ్ల మీద అన్న మాట ఎక్కింది.

చుక్కలు పెట్టేవరకూ ముగ్గులాగే ఉంది, చెయ్యి ఇట్టే తిరిగింది. తిరకాసంతా తర్వాతే. ముగ్గులో గీత గీతను దాటిపోతుంది, అంతే. ఇక్కడ ఒకసారి మీదనుంచి పోతే మరోసారి కిందనుంచి పోవాలి. ఎక్కడైనా మొహమాటపడి రెండుసార్లు మీదికెక్కనిచ్చామా, ఆ తప్పు బొమ్మంతా తిరిగొచ్చి ఆఖరి మూలలో నిలదీస్తుంది. పాత క్యాలెండర్ల వెనకలన్నీ ఖర్చయ్యాయి. చిక్కు వేయడం చేతికి చిక్కేసరికి మనిషి సగం చిక్కింది.

రాయి నిలబెట్టే రోజు రానే వచ్చింది. ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. పోయినవాడి పేర నిలబెట్టే రాయికి ఇంటివాళ్లు రంగు వేయొచ్చు గానీ ఆఖరి గీత కలపకుండా వదలాలి. తల్లో పెండ్లామో పదిమందిలో నిలబడి మనిషి ఎట్లా పోయాడో చెప్పాలి. అప్పుడే ఆ గీత కలుపుతారు. అబద్ధం మీద కలిపితే పోయినవాడికి దారి దొరకదని, ఇంటి చూరు పట్టుకునే తిరుగుతాడని వాళ్ల నమ్మకం.

యశోద తెల్లారగానే వెళ్లి సున్నంతో రాయి నిండా ముడి వేసింది. వేలెడు జాగా వదిలింది. తర్వాత అందరితో వచ్చి చూసిన ముత్తక్క మొహం మాడిపోయింది. పదిమందిలో తుడవడానికి వీల్లేదు గనక పళ్లు బిగబట్టింది.

పక్కింటి జంపక్క వంగి చూసింది. “ఇదేం చిక్కే? నీ బొమ్మ తల దువ్వుకోలేదా?”

“ముడి, పెద్దమ్మా.”

“నీకు పడాల్సిన ముళ్లు రాయికేసినవా!”

నలుగురు నవ్వారు. పెద్దమనిషి సమ్మయ్య నవ్వలేదు. “చెప్పు ముత్తక్కా. లాలు ఎట్ల పోయిండు?”

“జరమొచ్చి.”

“ఇగ కలుపు బిడ్డా.”

యశోద కుంచె ముంచింది. రాయి దాకా తెచ్చింది. అక్కడ చెయ్యి ఆగింది. సున్నం బొట్లుబొట్లుగా మట్టిలో పడుతోంది. ఇన్నాళ్లూ తనూ జ్వరమనే చెప్పింది. కానీ నోటితో అనడం వేరు, అన్న పోవాల్సిన దారిని తన చేత్తో మూయడం వేరు.

“కలుపవేందే?”

“చెయ్యి వస్తలేదు తాతా.” తల్లి వైపు తిరిగింది. “అమ్మా, మల్లొకసారి చెప్పు.”

ముత్తక్క ఆ చూపుకు నిలబడలేకపోయింది.

“గట్ల చూస్తవేందే? నీకెరుకేనాయె. రాయి నిండా గదే ఏస్తివి. కల్లు తాగి పోయిండు నా కొడుకు. కల్తీ కల్లు. మన చెట్లు ఎండినయని, పండుగనాడు పోరని నోరు ఎండుతదని, నేనే బజార్ల క్యాను కొనుకొచ్చిన. వాసనొస్తందమ్మా, వద్దన్నడు. తెచ్చింది పారబోస్తమా, తాగురా అన్న. నేనే పోసిన.”

యశోదకు తెలిసింది కల్లు వరకే. పోసిన చెయ్యి ఎవరిదని ఆమె ఏనాడూ అడగలేదు.

సమ్మయ్య రాయి వైపు చెయ్యి చూపాడు. “కలుపు.”

యశోద కలిపింది. కిందనుంచి పోవాల్సిన గీత కిందనుంచే పోయింది.

“అది సరే,” అంది జంపక్క, మెల్లగా. “రాయి మీద గదే ఏసిందంటవేంది? గీడ తాళ్లే ఉన్నయి గదా?”

“బొమ్మ పేరే గదంట. ఆనాడు దాని నోటితోనే అన్నది, అన్న రాయి మీద కల్తీ ఏస్తనని.”

యశోద కుంచె కింద పెట్టింది. అందరికీ వినబడేలా, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది. “కల్తీ కాదు. కె-ల్టి-క్. సముద్రాల అవతలోళ్లు రాళ్ల మీద ఏసే ముడి. షాపుల నేర్చుకున్న. నువ్వు పోసినవని నాకు తెల్వదమ్మా.”

ముత్తక్క రాయిని చూసింది. కూతుర్ని చూసింది.

“గా ముక్క ఆనాడే చెప్పరాదానే,” అంది. “ఇయ్యాల గూడ జరమనే చెప్పి ఊకుందును గదనే.”